ఆట ఎవరిది?

సంగీతం మేష్టారు ఇంటికొచ్చి అమ్మాయికి పాఠం చెబుతుంటే మనం ఏం చేస్తాం? ఆయనకి కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోతాం. మహా అయితే పోపు వేసేటప్పుడు కాస్త చప్పుడు తగ్గిస్తాం. అంతేగానీ, "ఆ గమకం అలా కాదు మేష్టారూ, ఇంకాస్త లాగించండి" అంటూ గరిటె పట్టుకుని హాల్లోకి రాము. లెక్కల మాస్టారి దగ్గరా అంతే.

అదే పిల్లని బాడ్మింటన్ కోర్టుకో, క్రికెట్ గ్రౌండుకో పంపించామనుకోండి. ఎక్కణ్ణించి వస్తాడో గానీ మనలోంచి ఒక కోచ్ లేచి నిలబడతాడు. "ముందుకెళ్ళు, ముందుకి! రాకెట్టు పైకెత్తు! అయ్యో, అదేం షాటే తల్లీ!" ఇదంతా పిల్ల నేర్చుకుంటున్న కోచ్ గారు పక్కనే నిలబడి వుండగానే. ఆయన నవ్వాలో ఏడవాలో తెలీక ఈల నోట్లో పెట్టుకుంటాడు.

ఎందుకిలా అంటారు? రాగం మనకి రాదని మనకి తెలుసు. ఆట మాత్రం అందరికీ తెలుసనుకుంటాం, టీవీలో రోజూ చూస్తూనే వున్నాం కదా! ఇంకో కారణం కూడా వుంది. సంగీతం పాఠంలో ఓడిపోవడమంటూ వుండదు. ఆటలో పిల్ల ఓడిపోతుంది. పదిమంది ముందు, బోర్డు మీద అంకెలతో సహా ఓడిపోతుంది. ఆ దెబ్బ మనకే తగిలినట్టుంటుంది. పక్కన కూర్చున్నావిడ, "మీ అమ్మాయికి ఎన్నో ర్యాంకండీ వదినగారూ?" అని అడిగిందంటే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే పిల్లల్ని ఆటల్లో పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ఆట ఎవరిది? ఆడే పిల్లదా, నేర్పే మాస్టారిదా, ఫీజు కట్టే మనదా?

మనకి న్యాయం జరగాలి కాబట్టి ముందు మన వైపు మాట చెప్పుకుందాం. కోర్టులో ఆడేది పిల్లలే అయినా, దాని వెనక ఇల్లు ఇల్లంతా వుంటుంది. సైనా నెహ్వాల్ సంగతి చాలామందికి తెలిసిందే. వాళ్ళది హర్యానా. వ్యవసాయ శాస్త్రవేత్త అయిన తండ్రి వుద్యోగరీత్యా హైదరాబాదు వచ్చారు. తెల్లవారక ముందే ఆయన కూతుర్ని స్కూటరు మీద స్టేడియానికి తీసుకెళ్ళేవారు. వెనక కూర్చున్న పిల్ల నిద్రకి తూలిపోతుంటే, ఎక్కడ పడిపోతుందోనని తల్లి ఉషారాణి గారు కూడా స్కూటరెక్కి పిల్లని పట్టుకుని కూర్చునేవారు. ఖర్చులకి ప్రావిడెంట్ ఫండులోంచి డబ్బు తీసిన రోజులున్నాయి. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో సైనా కాంస్య పతకం గెలిచినప్పుడు అందరూ ఆమె స్మాష్ గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం నిద్రపోతున్న పిల్లని వెనకనించి పట్టుకున్న ఆ చెయ్యే గుర్తొస్తుంది. ఆ చెయ్యి లేకపోతే ఏ స్మాషూ లేదు.

కాబట్టి మనం చేసేది తక్కువేం కాదు. నాలుగున్నరకి అలారం, పాలు, నానబెట్టిన బాదం పప్పులు, రెండు డబ్బాల్లో టిఫిను, చెమటకి తడిసిన బట్టలు రెండు జతలు, సాయంత్రం మళ్ళీ ప్రయాణం. ఇవన్నీ ఇంట్లో ఎవరో ఒకరు చేస్తేనే జరుగుతాయి. ఆ ఎవరో ఒకరు ఎవరో మనందరికీ తెలుసు!

చిక్కు ఇక్కడ కాదు. ఇదంతా చేశాక మొదలవుతుంది.

ఒకరోజు పిల్ల మొదటి రౌండులోనే ఓడిపోతుంది. అప్పుడు మన నోట్లోంచి ఒక మాట జారుతుంది. "నీకోసం మేం ఎంత చేస్తున్నామో తెలుసా? మీ నాన్న ఓవర్‌టైం చేసి తెస్తున్న డబ్బు తెలుసా? నేను వుద్యోగం కూడా మానేశానే!" అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఆ మాటతో అంతవరకూ చేసినదంతా అప్పు కింద మారిపోతుంది. పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన ఆ అప్పు పడుతుంది. తీర్చే దారి దానికి ఒకటే, గెలవడం. గెలుపేమో దాని చేతిలో పూర్తిగా వుండదు. అవతల కూడా ఒక పిల్ల వుంది. దానికీ తెల్లారి నాలుగున్నరకి లేపే అమ్మ వుంది.

ఇచ్చినదాన్ని తిరిగి అడగనంతకాలమే అది ఇవ్వడం అవుతుంది. పెళ్ళిళ్ళలో చదివింపులకి పుస్తకం పెట్టి రాసుకుంటాం, మళ్ళీ వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు చూసుకోవాలి గనక. కన్నబిడ్డకి ఇచ్చినదానికి అలాంటి పుస్తకం పెట్టుకోవచ్చునా? పెట్టుకోకూడదంటాను.

"చెప్పడం తేలికే, డబ్బు మాటేమిటి?" అని మీరడుగుతారు. అడగాల్సిందే. 2001లో ఆలిండియా అంతా గర్వపడేలా ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్, సొంత ఇల్లు తాకట్టు పెట్టి 2008లో గచ్చిబౌలిలో అకాడమీ ప్రారంభించిన మనిషి, 2025లో ఒక మాటన్నారు. డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లల్ని ఆటనే బతుకుతెరువుగా ఎంచుకోనివ్వొద్దని తల్లిదండ్రులకి తను సలహా ఇస్తున్నానన్నారు. చాలామందికి ఆ మాట రుచించలేదు. కానీ వేలమంది పిల్లల్ని దగ్గరనించి చూసినాయన అన్న మాట అది. శిఖరానికి చేరేవాళ్ళు కొద్దిమంది. మిగిలినవాళ్ళు పాతికేళ్ళ వయసులో, చదువు సగంలో, మోకాలి నొప్పితో ఏం చెయ్యాలి అన్నది ఆయన బాధ.

మనలాంటి మధ్యతరగతి వాళ్ళకి అందులోంచి ఒక దారి కనిపిస్తుంది. లెక్క వేసుకోవాలి. తప్పకుండా వేసుకోవాలి. అయితే ఆ లెక్క పిల్ల ముందు కాదు, పిల్లలు పడుకున్నాక మొగుడూ పెళ్ళాం కూర్చుని వేసుకోవాలి. ఇంకా ఎన్నేళ్ళు, ఏడాదికి ఎంత పెట్టగలం? ఒక్క కప్పు రాకపోయినా, ఒక్క వుద్యోగం రాకపోయినా, ఈ డబ్బు పోయిందని ఏడవకుండా వుండగలమా? వుండగలిగినంతే పెట్టాలి. అంతకంటే ఎక్కువ పెడితే, ఎంత దాచుకున్నా ఆ లోటు ఏదో ఒకరోజు పిల్ల ముందు బయటపడుతుంది. చదువుని కూడా గట్టున పడేసేదాకా తోసెయ్యకుండా, ఏదో ఒక రూపంలో నడవనివ్వాలి.

"అయితే పిల్లలకి డబ్బు విలువ తెలియనక్కర్లేదా?" తెలియాలి. రాకెట్టు తాడు తెగితే ఎంతవుతుందో, ఒక డబ్బా షటిల్ కాక్‌లు ఎంతో చెప్పండి. బూట్లు జాగ్రత్తగా వాడుకోమనండి. తన సంచీ తనే సర్దుకోమనండి, నీళ్ళ సీసా తనే నింపుకోమనండి. వస్తువుకి ధర చెప్పడం వేరు, ఓటమికి ధర చెప్పడం వేరు.

ఇక మాస్టారి సంగతి.

మన దేశంలో ఆటగాళ్ళకి అర్జునుడి పేరుమీద అవార్డు 1961లో మొదలైంది. గురువుకి ద్రోణుడి పేరుమీద అవార్డు రావడానికి 1985 దాకా పట్టింది. శిష్యుడి తరవాత ఇరవై నాలుగేళ్ళకి గురువు గుర్తొచ్చాడన్నమాట! ప్రభుత్వాల సంగతి అలా వుంచి, మనమైనా నయమా? పిల్ల గెలిస్తే "మా అమ్మాయి పట్టుదల" అంటాం. ఓడితే "కోచింగ్ సరిగా లేదండీ" అంటాం.

కోచ్ ఒకటి చెబుతాడు, "ఈ నెలంతా పాయింట్లు పోయినా ఫర్వాలేదు, నెట్ దగ్గర ఆడటం అలవాటు చేసుకో" అని. అందులో ఆయన లెక్క ఆయనకి వుంటుంది. ఇవాళ ఓడితే రెండేళ్ళ తరవాత గెలుస్తుందని. గ్యాలరీలోంచి నాన్నగారు, "కొట్టవే, గట్టిగా స్మాష్ కొట్టు!" అని అరుస్తారు. మధ్యలో పిల్ల. ఎవరి మాట వినాలి? వింటే అక్కడ కోపం, వినకపోతే ఇంట్లో కోపం. అలాంటి పిల్లలు ఎలా ఆడతారో ఎప్పుడైనా గమనించారా? ప్రతి పాయింటు తరవాత తల తిప్పి గ్యాలరీ వైపు చూస్తారు. కళ్ళు అక్కడుంటే షటిల్ ఎలా కనబడుతుంది?

పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో సభ్యులు. ఆట గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా వుందంటే వాళ్ళకుంది. కానీ పిల్ల వాలీబాల్ కాకుండా బాడ్మింటన్ కోరుకుంటే సరేనన్నారు. 2016లో రియో ఒలింపిక్స్ ముందు గోపీచంద్ మూడు నెలలు సింధు ఫోను తీసేసుకున్నారు, ఐస్‌క్రీం కూడా వద్దన్నారు. రజతం గెలిచాక ఫోను తిరిగిచ్చి, ఇక ఐస్‌క్రీం తినొచ్చన్నారు. ఇరవై ఒక్కేళ్ళ ఆడపిల్ల ఫోను మూడు నెలలు ఇంకొకరి దగ్గరుంటే మనిళ్ళల్లో ఎంత రాద్ధాంతం జరుగుతుందో వూహించుకోండి! కోచ్ వద్దన్నది ఇంట్లో చాటుగా పెట్టకపోవడం కూడా సాయమే. "పాపం పిల్ల, ఒక్కటి తింటే ఏమవుతుందిలే" అని మనం పెట్టే ఆ ఒక్క స్వీటుతో, మాస్టారి మాట వినక్కర్లేదని కూడా నేర్పేస్తాం.

అంటే కోచ్‌తో మాట్లాడకూడదని కాదు. మాట్లాడాలి, కానీ వేళ చూసి మాట్లాడాలి. మ్యాచ్ అయిన పది నిమిషాలకి, మిగతా పిల్లల ముందు, మొహం ఎర్రగా చేసుకుని కాదు. రాత్రి పదకొండింటికి తల్లిదండ్రుల వాట్సప్ గ్రూపులో అసలే కాదు. మర్నాడో ఆ మర్నాడో, "సార్, ఓ అయిదు నిమిషాలు మీతో మాట్లాడాలి" అని అడగాలి. "మా వాణ్ణి టీములో ఎందుకు తీసుకోలేదు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఆయన సంజాయిషీ చెబుతాడు. "వాడు ఏ విషయంలో వెనకపడ్డాడు, ఇంట్లో మేం ఏం చూసుకోవాలి?" అని అడిగితే పాఠం చెబుతాడు. రెండో ప్రశ్నకి జవాబుతో మనకి పని వుంటుంది.

మొదటి మాస్టారి గురించి ఒక్క మాట. సైనాకి లాల్‌బహదూర్ స్టేడియంలో మొదట నేర్పింది నానీ ప్రసాద్ గారు. సింధు చేత సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లో మొదటి పాఠాలు ఆడించింది మహబూబ్ అలీ గారు. 2000లో సిడ్నీలో పతకం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయిన కరణం మల్లీశ్వరికి ఆముదాలవలస దగ్గర తొలిరోజుల్లో బరువులెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారు. ఈ పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? పిల్ల పైకెళ్ళే కొద్దీ కోచ్‌ని మార్చాల్సి రావచ్చు, తప్పు లేదు. కానీ చెప్పాపెట్టకుండా ఒక సోమవారం నించి పిల్లని మానిపించి ఇంకోచోట చేర్చడం వుంది చూశారూ, అది పిల్లకి చాలా చెడ్డ పాఠం. పిల్లని తీసుకెళ్ళి ఎదురుగా నిలబడి, "మీరు నేర్పినదాంతోనే ఇక్కడిదాకా వచ్చింది, ఆశీర్వదించండి" అని చెప్పి రావాలి. కాస్త కష్టమే. కానీ కృతజ్ఞత అన్నది అలా కష్టపడే నేర్పాలి.

ఇంతా చెప్పాక ద్రోణాచార్యుల వారిని మళ్ళీ తలుచుకోక తప్పదు. ఆయన ఏకలవ్యుణ్ణి బొటనవేలు అడిగాడు. వాడు కోసిచ్చాడు. వేల ఏళ్ళుగా వాడి గురుభక్తిని మెచ్చుకుంటున్నాం. ఆ సమయంలో పక్కన వాళ్ళమ్మ వుండి వుంటే ఏమనేది? "ఏం గురువయ్యా నువ్వు? నా బిడ్డ వేలు అడుగుతావా?" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది కాదూ? లాక్కుపోవాలి కూడా.

కాబట్టి గీత ఎక్కడ గియ్యాలో మనకి తెలియాలి. ఏ షాట్ ఆడాలి, ఎవర్ని టీములో పెట్టాలి, ఎప్పుడు టోర్నమెంటుకి పంపాలి, ఇవి మాస్టారివి. పిల్ల శరీరం, పిల్ల మర్యాద, ఈ రెండూ మనవి. అక్కడ నోరు మూసుకోవడం మంచితనం కాదు.

శరీరం మాట చూడండి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మెత్తటి భాగం వుంటుంది. ఎముక పొడుగెదిగేది అక్కడే. ఒకే కదలిక రోజూ వందలసార్లు చేస్తే అది దెబ్బతింటుంది. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం వాళ్ళు, ఎంత ఇష్టమైన ఆటయినా వారానికి కనీసం ఒకటి రెండు రోజులూ, ఏడాదిలో కొన్ని నెలలూ దాన్నించి విశ్రాంతి వుండాలంటారు. నొప్పి అని పిల్ల రెండోసారి అందంటే డాక్టరుకి చూపించాల్సిందే, పక్కవారం టోర్నమెంటు వున్నా సరే. ఇక ఆడపిల్లల విషయం. శ్రమకి తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది. "ఆటలాడే పిల్లలకి మామూలేలే, హాయిగా వుంది" అని వూరుకుంటాం. మామూలు కాదు, దానివల్ల ఎముకలు బలహీనమవుతాయి. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. ఈ మాట చాలాచోట్ల మగ కోచ్‌తో పిల్ల చెప్పుకోలేదు. అమ్మ అడగాలి.

మర్యాద మాట ఇంకా ముఖ్యం. కోచ్ తిట్టడం వేరు, కొట్టడం వేరు, ఆటకి అక్కర్లేని చోట చెయ్యి వెయ్యడం వేరు. క్యాంపులకి వెళ్ళేటప్పుడు పిల్లల గదులెక్కడ, కూడా ఎవరున్నారు అని అడగటానికి మొహమాటపడక్కర్లేదు. మంచి కోచ్ ఆ ప్రశ్నకి నొచ్చుకోడు. పిల్ల హఠాత్తుగా "నేనింక వెళ్ళను" అంటే బద్ధకమని తిట్టకముందు, మెల్లిగా పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకో అడగాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ కూడా రక్షణ ఇస్తుంది. జరిగింది తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడాన్ని ఆ చట్టం నేరంగానే చూస్తుంది. "పరువు పోతుంది, కెరీర్ పోతుంది" అని మనం వూరుకుంటే, పిల్ల బొటనవేలు మన చేతులతో మనమే కోసిచ్చినట్టు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఏ అన్యాయమూ జరగలేదు, దెబ్బా తగల్లేదు. పిల్ల మాత్రం ఆరేళ్ళు ఆడాక, "అమ్మా, నాకింక ఇష్టం లేదు" అంటుంది. ఏం చేస్తారు?

టెన్నిస్‌లో ఎనిమిది గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచిన ఆండ్రీ అగస్సీ 2009లో తన ఆత్మకథ వెలువరించాడు. చిన్నప్పుడు తండ్రి బంతులు విసిరే మిషను ముందు నిలబెట్టి రోజూ వేల బంతులు కొట్టించేవాడట. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఆ మనిషి తనకి టెన్నిస్ అంటే అసహ్యమని రాసుకున్నాడు. "అయితేనేం, గెలిచాడుగా! తండ్రి అలా చెయ్యకపోతే ఆ డబ్బూ పేరూ వచ్చేవా?" అనేవాళ్ళుంటారు. నేనూ కాదనలేను, వచ్చేవి కావేమో. కానీ గెలిచినవాడు కనక ఆయన పుస్తకం రాశాడు, మనం చదివాం. అదే మిషను ముందు నిలబడి, అసహ్యం మాత్రమే మిగిలి, గెలుపు మిగలని పిల్లలు పుస్తకాలు రాయరు. మన ఇళ్ళల్లో వుండే అవకాశం ఎక్కువగా వున్నది ఆ పిల్లలే.

అలాగని పిల్ల వద్దన్న మొదటిరోజే మానిపించమనడం లేదు. ఓడిన రోజు అన్న మాట వేరు, గెలిచిన మర్నాడు కూడా అదే మాటంటే వేరు. "ఈ సీజను పూర్తి చెయ్యి, మాస్టారికి మాటిచ్చాం కదా. తరవాత కూడా వద్దనిపిస్తే మానేద్దువుగాని" అనొచ్చు. అలా అన్నాక మాట మీద నిలబడాలి. మానేసిన పిల్లని ప్రతి చుట్టపు పెళ్ళిలోనూ, "బాగా ఆడేది, మానేసింది, మా ఖర్మ!" అని పరిచయం చెయ్యకూడదు. ఆరేళ్ళ ఆటలో నేర్చుకున్న క్రమశిక్షణా, ఓడినా మర్నాడు మళ్ళీ వెళ్ళే ధైర్యమూ ఎక్కడికీ పోవు. అవి ఏ వుద్యోగంలోనయినా, ఏ సంసారంలోనయినా పనికొస్తాయి.

ఇంట్లో ఆడని పిల్ల కూడా ఒకటి వుంటుంది సుమండీ, మరిచిపోకండి. అక్క టోర్నమెంట్ల కోసం ప్రతి ఆదివారాన్నీ పోగొట్టుకున్న చెల్లెలు. దాని బొమ్మల ప్రదర్శనకి కూడా ఒక్క ఆదివారం కేటాయించాలి.

ఇదంతా చదివి, "ఇన్ని వద్దులు చెప్పారు, మరి మేం చెయ్యగలిగేదేమిటి?" అంటారేమో. వరంగల్ జిల్లా కల్లెడలో కూలిపని చేసుకునే ఒక దంపతులున్నారు. బుద్ధిమాంద్యంతో పుట్టిన వాళ్ళ కూతుర్ని చూసి వూళ్ళోవాళ్ళు నానా మాటలూ అన్నారు. ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలెయ్యమన్నవాళ్ళు కూడా వున్నారు. వాళ్ళు వదల్లేదు. నాగపురి రమేష్ అనే కోచ్ ఆ పిల్ల పరుగు చూసి హైదరాబాదు పంపమంటే, నమ్మి పంపారు. ఆ పిల్ల జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆ తల్లికీ తండ్రికీ పరుగు పందెంలో మెళకువలు తెలియవు. గ్యాలరీలో కూర్చుని అరవలేదు. వూరు వద్దన్న పిల్లని తమదే అనుకున్నారు, పరుగు తెలిసినవాడి చేతిలో పెట్టారు. పతకం వస్తుందని తెలిసి కాదు. వచ్చినా రాకపోయినా అది వాళ్ళ కూతురే.

ఆట పిల్లది. నేర్పడం మాస్టారిది. పిల్ల మాత్రం మనది, గెలిచిన రోజూ, ఓడిన రోజూ. ఓడి ఇంటికొచ్చే దారిలో పిల్ల ఏమీ మాట్లాడదు. ఆ పది కిలోమీటర్లూ మనం మ్యాచ్‌ని మళ్ళీ మొదటినించీ ఆడకుండా వుండగలిగితే చాలు. ఎక్కడ తప్పు జరిగిందో దానికి తెలుసు, తెలియకపోతే రేపు మాస్టారు చెబుతారు. "ఆకలేస్తోందా?" అని అడగండి. దానికి జవాబు మాత్రం మనకంటే బాగా ఎవరూ చెయ్యలేరు.